చవిటినేలలో వేరు: కాల్షియం చేసే దౌత్యం

వ్యర్థప్రయత్నాన్ని వర్ణించవలసి వచ్చినప్పుడు మన పండితులు ఊషరక్షేత్రాన్ని ఉపమానంగా తెచ్చుకోవడం పరిపాటి. ఊషరమనగా చవిటినేల. అందులో చల్లిన విత్తు ఫలించదనీ, అపాత్రునికి చెప్పిన విద్య అటువంటిదేననీ పెద్దలు చెబుతూ వచ్చారు. ఉపమానం అందంగానే ఉన్నది గాని, అది విత్తనం పక్షాన నిలిచి ఆలోచించిన మాట మాత్రం కాదు. చవిటినేలలో పడిన విత్తు మాట్లాడకుండా చచ్చిపోదు. దాని లేతవేరు ఉప్పును గుర్తిస్తుంది. గుర్తించిన కొన్ని క్షణాలలో ఆ వార్తను మొక్క అంతటికీ చేరవేస్తుంది. చొరబడిన సోడియాన్ని బయటికి నెట్టడానికి సన్నాహాలు చేస్తుంది. ఈ వ్యవహారమంతటిలో దూతగా పనిచేసేది మనం సున్నంలో చూసే కాల్షియమే.

నేను బోధించేది తెలుగు భాషాసాహిత్యాలు. వృక్షశాస్త్రంలో నాకు గల పరిచయం చదువరికి ఉండదగినంత మాత్రమే. అయినా ఈ విషయాన్ని ఎత్తుకొనడానికి కారణం లేకపోలేదు. మా విద్యార్థులలో పలువురు వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారు. వారి ఇళ్లలో చౌడు అన్న మాట అలంకారశాస్త్రానికి చెందినది కాదు, పంటకు, అప్పుకు చెందినది. ఆ మాట వెనుక నేడు ఎంత విజ్ఞానం పోగుపడి ఉన్నదో వారికి తెలుగులో చెప్పవలసిన అవసరం ఉన్నది.

మన రైతులు చౌడును రెండు విధాలుగా విభజించి చెబుతారు. నేలపై తెల్లని పొర కట్టేది పాలచౌడు. ఇందులో సోడియం, కాల్షియం, మెగ్నీషియముల క్లోరైడులు, సల్ఫేటులు నీటిలో కరిగే రూపంలో అధికంగా ఉంటాయి. రెండవది కారుచౌడు. ఇందులో కరిగి ఉన్న లవణం తక్కువే కావచ్చును గాని, బంకమట్టి రేణువులను సోడియం గట్టిగా పట్టుకొని ఉంటుంది; క్షారగుణం హెచ్చు; నీరు ఇంకదు; నేల తడిసినప్పుడు అడుసు, ఎండినప్పుడు రాయి. శాస్త్రజ్ఞులు చేసిన విభజన కూడా దాదాపు ఇదే. మట్టినుంచి తీసిన ద్రవపు విద్యుద్వాహకత మీటరుకు 4 డెసిసీమెన్లను మించితే అది పాలచౌడు. పి.హెచ్. 8.5ను మించి, మట్టి పట్టుకొన్న అయాన్లలో సోడియం వాటా నూటికి 15కు పైబడితే అది కారుచౌడు. కొలతలు లేని కాలంలోనే కంటితో, అరికాలితో ఈ భేదాన్ని గుర్తించి పేర్లు పెట్టినవారి సూక్ష్మదృష్టిని మెచ్చుకొనక తప్పదు.

నేలకు ఉప్పు ఎక్కడినుంచి వస్తుంది? మురుగునీరు పోయే దారి లేకుండా కాలువనీరు పెట్టినచోట భూగర్భజలం పైకి లేచి, ఎండకు ఆవిరై, తనలోని లవణాన్ని మట్టిపైన వదిలిపోతుంది. తీరప్రాంతంలో సముద్రమే వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూచినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. ఉప్పెన అన్న మాటలోనే ఉప్పు వినిపిస్తుంది. ప్రాణనష్టం ముందు మరేదీ లెక్కలోనికి రానంతటి విపత్తు అది. కాని నీరు తీసిన తరువాత పొలాలలో మిగిలిన ఉప్పు కూడా ఒక నష్టమే. లీటరు సముద్రజలంలో దాదాపు 35 గ్రాముల లవణం ఉంటుందంటే ఆ నష్టం ఎంతటిదో ఊహించవచ్చును. ఇటీవలి దశాబ్దాలలో వరిచేల నడుమ ఉప్పునీటి రొయ్యల చెరువులు వెలసినచోట్ల పక్క పొలాలకు చౌడు పాకుతున్నదన్న ఫిర్యాదు కూడా వింటున్నాము.

ఇక వేరు సంగతి. ఉప్పు వేరుకు చేసే కీడు రెండు విధాలు. మొదటిది మన వంటింట్లోనే కనిపిస్తుంది. మామిడిముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచితే మర్నాటికి నీరు ఊరుతుంది. వెలుపలి ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగినది. చౌడునేలలో వేరుకు జరిగేదీ అదే. నేలలో తడి ఉంటుంది గాని అది వేరుకు దక్కదు. నీటి నడుమ నిలబడి మొక్క దాహంతో అలమటిస్తుంది. ద్రవాభిసరణ అన్న పాఠ్యపుస్తకపు మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

రెండవ కీడు మరింత గూఢమైనది. జీవకణానికి పొటాషియం కావాలి. దాని సాయం లేనిదే పనిచేయని ఎంజైములు యాభైకి పైగా ఉన్నాయి. సోడియం దానికి జ్ఞాతి వంటిది. రూపంలో పోలిక, విద్యుదావేశంలో సమానత. వేరు కణాలకు పొటాషియం వచ్చే దారులలో సోడియం కూడా దూరుతుంది. దూరి, పొటాషియం కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. కాని ఆ పని చేయదు. కణంలో ప్రోటీనుల నిర్మాణం కుంటుపడుతుంది. ఆకుల అంచులు మాడుతాయి. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయరాదని తెలుగులోను, నమక్ హలాల్, నమక్ హరామ్ అని ఉర్దూలోను మనుషుల విశ్వాసాన్ని ఉప్పుతోనే కొలుస్తాము. కాని వేరుకు మాత్రం ఉప్పును మించిన ద్రోహి లేదు.

శత్రువు ఎవరో తెలిసినది. ఆ శత్రువు వచ్చినట్లు వేరుకు ఎట్లా తెలుస్తుంది? కన్ను లేదు, నాలుక లేదు, నరాలు లేవు. ఇక్కడ కాల్షియం ప్రవేశిస్తుంది.

ఈ పేరుకు మూలం లాటిన్‌లో సున్నాన్ని చెప్పే మాట. మన పూర్వ శాస్త్రగ్రంథాలలో దీనిని ఖటికమన్నారు. సంస్కృతంలో ఖటిక అనగా సుద్ద. ఈ కథలోని మూడు పాత్రలనూ మొదట విడిగా తీసి చూపినవాడు ఒక్కడే కావడం విశేషం. లండన్‌లో హంఫ్రీ డేవీ విద్యుత్తు సాయంతో 1807లో పొటాషియాన్ని, సోడియాన్ని, 1808లో కాల్షియాన్ని వేరుచేశాడు. కాని కాల్షియం జీవకణంతో మాట్లాడుతుందన్న సూచన రావడానికి ఇంకా ముప్పాతిక శతాబ్దం పట్టినది. సిడ్నీ రింగర్ అన్న ఆంగ్ల వైద్యుడు కప్ప హృదయాన్ని ఉప్పునీటిలో ఉంచి దాని స్పందనను పరిశీలిస్తున్నాడు. హృదయం చక్కగా కొట్టుకొన్నది. తరువాత తెలిసినదేమంటే, ఆ ద్రావణాన్ని స్వేదనజలంతో గాక కుళాయినీటితో తయారుచేశారు. స్వేదనజలంతో చేసి చూస్తే హృదయం ఆగిపోయినది. కుళాయినీటిలోని సున్నపు అంశమే దానిని నడిపించినదని రింగర్ 1883లో ప్రకటించాడు.

సున్నపు అంశానికి ఇంతటి శక్తి ఎక్కడిది? దాని కొరతలోనే ఉన్నది రహస్యం. కణం వెలుపల, కణభిత్తిలో, కాల్షియం ధారాళంగా ఉంటుంది. కణం లోపల రిక్తిక అనే నీటితిత్తిలోనూ నిలువ ఉంటుంది. కాని ఈ రెంటికీ నడుమ ఉన్న కణద్రవ్యంలో స్వేచ్ఛగా తిరిగే కాల్షియం దాదాపు లేనట్లే. లీటరుకు ఒక మోల్‌లో కోటివ వంతు, అనగా లీటరు ద్రవంలో 4 మైక్రోగ్రాములు మాత్రమే. వెలుపల ఉన్నది దీనికి పదివేల రెట్లు. ఇంత తక్కువగా ఉంచుకొనడానికి కణానికి బలమైన కారణమున్నది. జీవవ్యాపారాలకు ఆధారమైన శక్తి ఫాస్ఫేటు రూపంలో చలామణి అవుతుంది. కాల్షియం, ఫాస్ఫేటు కలిస్తే ఎముకవంటి గట్టి పదార్థమవుతుంది. అందువల్ల కణం తన శక్తిలో కొంత వెచ్చించి, చొరబడిన కాల్షియాన్ని ఎప్పటికప్పుడు తోడి బయట పోస్తూ ఉంటుంది. తనను తాను కాపాడుకొనడానికి ఏర్పాటుచేసుకొన్న ఈ నిశ్శబ్దమే కాలక్రమంలో సంకేతానికి అనువైన స్థలమైనది. నిశ్శబ్దమైన గదిలో గుసగుస కూడా వినబడుతుంది కదా. పొరలోని ఒక ద్వారం క్షణకాలం తెరుచుకొంటే చాలును, లోపలి కాల్షియం ఎన్నో రెట్లు పెరుగుతుంది. వెంటనే పంపులు దానిని తోడివేస్తాయి. ఎంత పెరిగినది, ఎంతసేపు నిలిచినది, ఎన్ని మారులు లేచి పడినది అన్నదానిలో సందేశం ఇమిడి ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీనిని కాల్షియం సంతకమంటారు.

కంటికి కనిపించని ఈ గుసగుసను చూడడానికి ఉపాయం సముద్రం నుంచి వచ్చినది. జపాన్ దేశీయుడైన ఒసాము షిమొమురా 1961 వేసవిలో అమెరికా పశ్చిమతీరాన ఫ్రైడే హార్బర్ అనే చోట వేల సంఖ్యలో జెల్లీచేపలను పట్టి, అవి ఎందువల్ల వెలుగుతాయో కనుగొన ప్రయత్నించాడు. పని సాగలేదు. ఒకనాడు మిగిలిన ద్రవాన్ని తొట్టిలో పారబోయగా తొట్టి అంతా నీలికాంతితో మెరిసినది. ఆ తొట్టిలోనికి సముద్రజలం వచ్చి చేరుతూ ఉండేది. సముద్రజలంలోని కాల్షియం తగిలి వెలిగిన ఆ ప్రోటీనుకు ఎక్వోరిన్ అని పేరుపెట్టి 1962లో ప్రకటించారు. అదే జెల్లీచేప నుంచి లభించిన మరొక ప్రోటీను, హరితకాంతి నిచ్చేది, షిమొమురాకు 2008లో నోబెల్ బహుమతిలో భాగాన్ని తెచ్చిపెట్టినది.

ఎక్వోరిన్ జన్యువును మొక్కలో నాటితే? 1991లో ఎడిన్‌బరోకు చెందిన మార్క్ నైట్, ఆంథొనీ ట్రెవావాస్ తమ సహచరులతో ఆ పని చేసి చూపారు. వారు ఎన్నుకొన్నది పొగాకు ప్రజాతికి చెందిన మొక్కను. ఆ మొలకను తాకినప్పుడు, చల్లని నీరు పోసినప్పుడు, లోపల వెలుగు పుట్టినది. మనిషి కంటికి అందనంత మందమైన వెలుగు. పరికరాలకు మాత్రం స్పష్టంగా అందినది. మొక్కకు స్పర్శ తెలుస్తుందని కవులు ఏనాడో అన్నారు. తెలిసినప్పుడు దానిలో ఏమి జరుగుతుందో చూపడానికి ఇంతకాలం పట్టినది. ఆ తరువాత 1997లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కకు ఉప్పునీరు పెట్టి చూడగా, అందులోనూ క్షణాలలో కాల్షియం పెరిగినట్లు తేలినది. ఈ అరబిడాప్సిస్ ఆవ కుటుంబానికి చెందిన కలుపుమొక్క. తిండికి పనికిరాదు, పువ్వుకు అందం లేదు. అయినా కొన్ని వారాలలో విత్తనమిచ్చే గుణం వల్ల ప్రపంచ ప్రయోగశాలలన్నీ దానికి పీట వేశాయి.

ఉప్పు తగిలిన కబురు ఎంత వేగంగా పోతుంది? 2014లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సైమన్ గిల్‌రాయ్ బృందం దీనిని కొలిచినది. వేరుపై ఒక్క చోట మాత్రమే ఉప్పుద్రావణం తగిలించి చూశారు. అక్కడ పుట్టిన కాల్షియం పెరుగుదల అలగా సాగి, వేరులోని వల్కలం, అంతశ్చర్మం అనే కణవరుసల గుండా కాండం దిశగా ప్రయాణించినది. వేగం సెకనుకు 400 మైక్రోమీటర్ల వరకు, అనగా నిమిషానికి దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. నరాలున్న జంతువుతో పోల్చితే ఇది నత్తనడక. కాని జానెడు మొక్కకు పది నిమిషాలలో కొననుంచి కొనకు వార్త చేరితే చాలును. ఉప్పు తగలని ఆకులలో కూడా కొన్ని జన్యువుల పని హెచ్చినట్లు వారు గమనించారు. రిక్తిక పొరలో ఉండే ఒక ద్వారం లోపించిన మొక్కలలో ఈ అల మందగించినది. ఆ ద్వారాలు ఎక్కువగా ఉన్న మొక్కలలో వేగం పెరిగినది. వెలుపలి నుంచి వచ్చిన కాల్షియంతో బాటు లోపల నిలువ ఉన్నది కూడా అలకు తోడ్పడుతున్నదన్న మాట.

మరి మొట్టమొదట ఉప్పును పసిగట్టేది ఏది? ఈ ప్రశ్న చాలాకాలం జవాబు లేకుండా నిలిచినది. 2019లో జెన్-మింగ్ పేయ్, ఆయన సహచరులు ఒక సమాధానం చూపారు. కణపు పొర వెలుపలి ముఖాన చక్కెర తలలు గల ఒక జాతి కొవ్వు అణువులు ఉంటాయి. వాటికి రుణావేశముంటుంది. ధనావేశం గల సోడియం వాటిని అంటుకొంటుంది; అంటుకోగానే కాల్షియం ద్వారాలు తెరుచుకొంటాయి. ఈ కొవ్వును తయారుచేయలేని ఉత్పరివర్తిత మొక్కలో ఉప్పు తగిలినా కాల్షియం సరిగా పెరగలేదు. ఆ మొక్క ఉప్పుకు తట్టుకోలేకపోయినది. ప్రోటీను కోసం వెదుకుతున్నవారికి కొవ్వు దొరికినదని చెప్పుకోవచ్చును. ఆ కొవ్వుకూ ద్వారానికీ మధ్య జరిగే వ్యవహారం ఇంకా పూర్తిగా విడిపోని ముడి.

కాల్షియం లోనికి వచ్చినంత మాత్రాన సోడియం బయటికి పోదు. దూత వచ్చి తలుపు తడితే, విని ఆజ్ఞ జారీచేసే అధికారి ఒకడుండాలి. ఆ అధికారిని కనుగొన్న పద్ధతి అతి సులభమైనది కనుక కొంచెం వివరంగా చెబుతాను. అమెరికాలో జియాన్-కాంగ్ ఝు బృందం గడ్డకట్టిన పోషకపదార్థంలో కొద్దిపాటి ఉప్పు కలిపి, దానిపై అరబిడాప్సిస్ మొలకలను తలకిందులుగా, వేర్లు పైకి వచ్చేటట్లు నిలిపి ఉంచినది. వేరు సహజంగా కిందికి పెరుగుతుంది. కాబట్టి పెరిగే శక్తి గల వేరు కొక్కెంలా వంగి కిందికి దిగుతుంది. ఆ కొద్దిపాటి ఉప్పుకే నీరసించిన మొలక వేరు పెరగదు. పెరగదు కనుక వంగదు. రసాయనాలతో ఉత్పరివర్తనలు కలిగించిన మొలకల గుంపులో ఇట్లా వంగని వేళ్లను ఏరి తీశారు. వాటికి ఉప్పుకు అతిగా చలించేవి అన్న అర్థమిచ్చే ఆంగ్లపదాల మొదటి అక్షరాలతో ఎస్.ఓ.ఎస్. అని పేరుపెట్టారు. మునిగిపోయే ఓడ పంపే ఆర్తనాదానికీ అదే పేరు కావడం వారు కోరుకొన్న చమత్కారమే అయి ఉంటుంది. 1996లో మొదటిదాని వివరాలు వెలువడ్డాయి.

ఈ మొక్కలలో చెడిపోయిన జన్యువులను వెదికి తీయగా మూడు ప్రోటీనులు దొరికాయి. మూడవదాని సంగతి 1998లో తెలిసినది. అది కాల్షియాన్ని పట్టుకొనే ప్రోటీను. ఇటువంటి ప్రోటీనులు కాల్షియాన్ని పట్టుకొనే తీరు చిత్రంగా ఉంటుంది. కుడిచేతి బొటనవేలిని, చూపుడువేలిని చాచి, మిగిలిన వేళ్లను ముడిచి చూడండి. ఆ రెండు వేళ్లు రెండు మెలికలైతే, వాటి నడుమ వంపులో కాల్షియం ఒదుగుతుంది. ఒదగగానే ప్రోటీను ఆకారం మారుతుంది. ఆకారం మారిన ఈ మూడవ ప్రోటీను, రెండవదైన ఎంజైమును కూడదీసుకొని కణపు పొర వద్దకు తీసుకొనిపోతుంది. ఆ ఎంజైము మొదటిదానికి ఫాస్ఫేటును తగిలిస్తుంది. మొదటిది పొరలో నాటుకొని ఉన్న ద్వారపాలకుడు. ఫాస్ఫేటు తగలగానే మేల్కొని, ఒక ప్రోటానును లోనికి రానిచ్చి, ఆ ఊపుతో ఒక సోడియం అయానును బయటికి గెంటుతుంది. ఈ మూడింటినీ 2002లో ఈస్ట్ కణాలలో చేర్చి చూశారు. మూడూ కలిసి ఉన్నప్పుడే ఆ కణం ఉప్పుకు బాగా తట్టుకొన్నది. వేరులో జరిగే వ్యవహారం వేరు లేకుండానే రుజువైనది.

ఇక్కడ ఒక లెక్క గమనించాలి. ప్రోటానులు లోనికి రావాలంటే ముందు వాటిని బయట పోగుచేసి ఉంచాలి. దానికి శక్తి ఖర్చవుతుంది. సోడియాన్ని ఎంత నెట్టినా అది బయట నేలలోనే ఉండి మళ్లీ వస్తుంది. చౌడుపొలంలో చావకుండా నిలిచిన వరి కూడా గిడసబారి, తాలుగింజలు వేయడానికి గల కారణాలలో ఈ ఎడతెగని ఖర్చు ఒకటి.

ఇంతవరకు చెప్పిన కథలో నిప్పు ప్రస్తావన రాలేదు. అది లేకుండా కథ పూర్తికాదు. ఉప్పు వల్ల కణవ్యాపారాలు తారుమారైనప్పుడు ఆక్సిజన్ అర్ధాంతరపు రూపాలు దాల్చుతుంది. సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్ అనేవి ఆ రూపాలు. వీటిలో చివరిది పుట్టిన చోటనే, కన్నుమూసి తెరిచేలోగా, తగిలినదాన్నల్లా కాలుస్తుంది. కొవ్వులు, ప్రోటీనులు, జన్యుపదార్థం దానికి ఆహుతి. దీనినే ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నారు. స్ట్రెస్ అన్న మాటకు ఒత్తిడి అని తెలిగించడం నాకు అంతగా రుచించదు. మొక్క అనుభవించేది క్లేశం. అయినా వాడుకకు వచ్చిన మాటను కాదనలేము. ఈ నిప్పును ఆర్పే సాధనాలు కూడా మొక్కలో ఉన్నాయి. సూపరాక్సైడును అణచే ఎంజైమును 1969లో మెక్కార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రజ్ఞులు గుర్తించారు. పెరాక్సైడును విడగొట్టే కాటలేజ్ ఉన్నది. మనం ఉసిరికాయలో వెదికే విటమిన్ సి కూడా ఆ అగ్నిమాపక దళంలోనిదే.

నిప్పు శత్రువైతే దానిని మొక్క ఆర్పివేస్తే సరిపోయేది. కాని మొక్క తానే కావాలని కొంత నిప్పును రాజేస్తుందన్నది ఆశ్చర్యకరమైన విషయం. కణపు పొరలో సూపరాక్సైడును తయారుచేయడానికే ఒక ఎంజైము ఉన్నది. దాని దేహంలో కాల్షియాన్ని పట్టుకొనే వేళ్లున్నాయి. కాల్షియం వచ్చి ఒదిగితే అది మేల్కొని సూపరాక్సైడును వెలుపల విడుస్తుంది. అది పెరాక్సైడుగా మారి, పక్కనున్న కాల్షియం ద్వారాలను తెరిపిస్తుంది. ద్వారాలు తెరుచుకొంటే మళ్లీ కాల్షియం. ఒక దివ్వెతో మరొక దివ్వె వెలిగించుకొంటూ పోయినట్లు, కణం నుంచి కణానికి ఈ జంట ప్రయాణిస్తుంది. ఉప్పు తగిలిన వేరులో లేచే కాల్షియం అలకు ఈ ఎంజైము తోడ్పాటు అవసరమని గిల్‌రాయ్ బృందంవారే 2016లో తెలిపారు. పెరాక్సైడును పసిగట్టి కాల్షియం ద్వారాలను తెరిపించే గ్రాహకాన్ని 2020లో కనుగొన్నారు. ఉప్పు లేని శాంతికాలంలో సైతం ఈ జంటకు పని ఉన్నది. మూలకేశాలు పొడుగు సాగేది వీటి వల్లనే అని 2003లోనే తేలినది.

మితంగా ఉన్నంతవరకు వార్తాహరుడు, మితి తప్పితే దహనకారి. ఆ మితి తప్పినప్పుడు జరిగే నష్టాలలో ఒకటి ప్రత్యేకించి చెప్పదగినది. హైడ్రాక్సిల్ రాడికల్ తాకిడికి వేరు కణాలలోని పొటాషియం ద్వారాలు తెరుచుకొని లోపలి పొటాషియం బయటికి కారిపోతుందని 2010లో చూపారు. సోడియం చొరబడుతున్న వేళలోనే పొటాషియం పోవడమంటే కోటకు రెండువైపులా గండిపడడమే. ఉప్పుకు తట్టుకొనే రకాలకు, తట్టుకోలేని రకాలకు ఉన్న భేదం సోడియాన్ని ఆపడంలోనే గాక పొటాషియాన్ని నిలుపుకోవడంలోనూ ఉన్నది.

ఇదంతా చదివినవారికి ఒక సందేహం రావడం సహజం. కాల్షియమే దూత అయితే, పొలంలో కాల్షియం చల్లితే చాలదా? కారుచౌడుకు మన రైతులు జిప్సం వేస్తున్నారు కదా, అది ఇదేనా? ఈ రెండు విషయాలను కలగాపులగం చేయరాదు. జిప్సం అనగా కాల్షియం సల్ఫేటు. దానిలోని కాల్షియం బంకమట్టిని పట్టుకొన్న సోడియాన్ని తొలగించి ఆ చోటును ఆక్రమిస్తుంది. తొలగిన సోడియాన్ని మంచినీటితో కడిగి మురుగుకాలువ ద్వారా పంపివేయాలి. ఇది మట్టిలో జరిగే రసాయనచర్య. మురుగు పోయే దారి లేకుండా జిప్సం వేసి ఊరుకొంటే ఫలితం అరకొరగానే ఉంటుంది. కారుచౌడులో సున్నపురాయి పొడి వేసినా ప్రయోజనం లేదు. ఆ క్షారగుణంలో అది కరగదు. పాలచౌడుకైతే ప్రధానమైన మందు మంచినీటితో కడగడం, మురుగు తీయడం.

అయితే వేరుకు కూడా బయటి కాల్షియం మేలుచేస్తుందన్నది నిజం. కాలిఫోర్నియాలో లహే, ఇమాన్యుయెల్ ఎప్‌స్టీన్ అనేవారు 1969లో చిక్కుడుజాతి మొక్కలను, సముద్రజలంలో దాదాపు పదోవంతు గాఢత గల ఉప్పునీటిలో వారంరోజులు పెంచారు. కాల్షియం చాలని నీటిలో మొక్కలు దెబ్బతిన్నాయి. తగినంత కాల్షియం ఉన్న నీటిలో, ఉప్పు అంతే ఉన్నా, పెద్దగా చెక్కుచెదరలేదు. కణపు పొర వెలుపల ఉండే కాల్షియం, సోడియం దూరే దారులలో కొన్నింటిని అడ్డగిస్తుంది. పొరను పటిష్ఠంగా ఉంచుతుంది. ఝు బృందంవారి మూడవ రకం మొక్కలో కాల్షియాన్ని పట్టే ప్రోటీను చెడిపోయినది కదా. ఆ మొక్కకు బయట కాల్షియం హెచ్చుగా ఇచ్చినప్పుడు ఉప్పును కొంతవరకు తట్టుకొన్నదని 1997లోనే వారు వ్రాశారు. ఇంటి బయట కావలివాడు, ఇంటి లోపల వార్తాహరుడు, ఈ రెండు ఉద్యోగాలూ ఒకరివే. కాని లోపలి ఉద్యోగానికి బయటినుంచి జీతం పెంచలేము. సందేశపు బలం కాల్షియం క్షణకాలం పెరిగి తగ్గడంలో ఉన్నది. లోపలి మట్టాన్ని కణం తన పంపులతో తానే నిర్ణయించుకొంటుంది. అంగట్లో కాల్షియం పేరిట అమ్మే ద్రావణాలు చల్లితే మొక్కకు తెలివి పెరుగుతుందనుకోవడం, పత్రికలు ఎక్కువ కొంటే వార్తలు ఎక్కువ జరుగుతాయనుకోవడం వంటిది. నేలలో కాల్షియం నిజంగా తక్కువైతే సంగతి వేరు. అది మట్టిపరీక్ష చెప్పవలసిన మాట.

జన్యువులు తెలిసినవి కదా, వాటిని పంటమొక్కలలో పెట్టి చౌడును జయించరాదా అన్నది మరొక ప్రశ్న. ప్రయత్నాలు జరిగాయి. 2001లో సోడియాన్ని రిక్తికలో దాచే ద్వారాన్ని అధికంగా కల్పించిన టమాటా మొక్కలు, గట్టి ఉప్పునీటిలో పెరిగి కాయలు కాశాయి. ఆనాటి ప్రకటనలు చదివితే రేపో మాపో సముద్రతీరమంతా టమాటాతోట కానున్నదనిపించేది. అట్లా జరగలేదు. ప్రయోగశాల కుండీలో ఉప్పు ఒక్కటే శత్రువు. పొలంలో దానికి తోడు ఎండ, వరదనీరు, గాలిలేని అడుసు. ఉప్పును తట్టుకొనే శక్తి ఒక జన్యువు చేతిలో ఉన్నది కాదు. నా దృష్టిలో ఇంతకన్న ఆశాజనకమైనవి మన దేశపు పాత వరివంగడాలు. కేరళ తీరపు పొక్కాలి, వంగదేశపు నోనా బొక్రా తరతరాలుగా ఉప్పునేలలో పండుతున్నవి. నోనా బొక్రా నుంచి 2005లో ఒక జన్యువును గుర్తించారు. దాని ప్రోటీను, వేరునుంచి దారువు ద్వారా ఆకుకు పోతున్న సోడియాన్ని నడిదారిలో వెనక్కు లాగుతుంది. 1969లో నెలకొన్న కర్నాల్ పరిశోధనాసంస్థ కూడా చౌడుకు తట్టుకొనే వరిరకాలను సంకరణ పద్ధతిలోనే రూపొందించి రైతులకు అందించినది. మన బాపట్లలో ఉప్పునీటి వాడుకపై పరిశోధనలు సాగుతున్నవి.

వరిమొక్క అన్ని దశలలోనూ ఉప్పుకు ఒకే విధంగా చలించదు. మొలకెత్తేటప్పుడు ఒక మాదిరిగా ఓర్చుకొంటుంది. రెండు మూడు ఆకుల లేతదశలోనూ, మళ్లీ పూత సమయంలోనూ బాగా దెబ్బతింటుంది. ఆ లేతదశను మంచినేలలోని నారుమడిలో దాటించి, ముదురు నారును చౌడుమడిలో నాటమనీ, కుదురుకు మొక్కల సంఖ్య కొంత పెంచమనీ వ్యవసాయశాఖవారు చెప్పడానికి కారణమిదే. సోడియాన్ని గెంటే ఖర్చును భరించగల వేరు నారుమడిలో తయారైన తరువాతనే దానిని ఉప్పులోనికి పంపడం ఈ పద్ధతిలోని కిటుకు.